ఇంజను ముందు కాదు, పక్కన

ధర్మసాగర్ మండలం వాళ్లకు రైలు దూరపు చుట్టం కాదు. కూతవేటు దూరమని కాదు గానీ కాజీపేట జంక్షన్ పక్కనే ఉన్నట్టు లెక్క. అక్కడి నుంచి సికింద్రాబాద్ వైపు పోయే లైను పెండ్యాల మీదుగా సాగి, ఊరిపేరులోనే స్టేషన్‌ను మోసుకు తిరిగే స్టేషన్ ఘన్‌పూర్ చేరుతుంది. ఒక దిక్కు ఇనుపరాతి గుట్టలు, ఇంకో దిక్కు ఇనుప దారి. తాతో, మేనమామో, పెద్దనాన్నో రైల్వేలో పనిచేయని బంధువర్గం ఈ చుట్టుపక్కల వెతికితే గానీ దొరకదు.

ఆ తాత పనిచేసిన ఇంజను ఫోటో ఉందా అని అడిగి చూడండి. పెళ్లి ఫోటో ఉంటుంది. రిటైరైన రోజున మెడనిండా దండలతో కుర్చీలో కూర్చున్న ఫోటో ఉంటుంది. క్వార్టర్ గుమ్మం ముందు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తీయించిందీ ఉండొచ్చు. ముప్పై ఏళ్లపాటు ఆ మనిషి చేతికీ మొహానికీ మసి పూసిన బొగ్గు ఇంజను మాత్రం ఎక్కడా కనిపించదు. కెమెరా ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో దాన్ని డ్యూటీ మీదికి తీసుకుపోవడమనే ఆలోచనే ఎవరికీ రాలేదు. వచ్చినా తీయనిచ్చేవాళ్లు కాదు. స్టేషన్ల మీద, వంతెనల మీద ‘ఫోటోలు తీయరాదు’ అన్న బోర్డులు చూస్తూ పెరిగిన తరం అది.

ఇప్పుడు అందరి చేతిలోనూ కెమెరా ఉంది. ఫోటోలకు కరువు లేదు. అయినా ఒక పేచీ ఉంది: తీసిన రైలు ఫోటోల్లో నూటికి తొంభై ఒకే ఫోటో. ఎదురుగా దూసుకొస్తున్న బండి, వెలుగుతున్న హెడ్‌లైటు, వీలైతే ముందువరసలో తీసినవాడి నవ్వుముఖం. వందే భారత్ వచ్చాక ఈ మోజు ఇంకా ముదిరింది. చూడడానికి బాగానే ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత వాటిని చూసి ఆ బండి గురించి ఏమైనా తెలుసుకోగలమా అంటే మాత్రం, ఆ ముక్కు తెల్లగా ఉండేదని తప్ప ఏమీ తెలియదు.

ఈ వ్యాసం వాదన ఇంతే. పాత రైలును ఫోటో తీయడమంటే దాని అందాన్ని పట్టుకోవడమొక్కటే కాదు, సాక్ష్యం రాసిపెట్టడం. ఆ ఫోటో చూసి ఎవరైనా ఆ బండిని బొమ్మగానైనా మళ్లీ కట్టగలగాలి. కాజీపేట దగ్గర ఆ పని చేయడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. ఎక్కువ లేదు.

వ్యవధి గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చిన నిజాం రైలు 1886లో వరంగల్ చేరింది. ఇంకో మూడేళ్లకు బెజవాడను తాకింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య సూటిదారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడాదే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇన్ని చేతులు మారినా కాజీపేటలో మారనిది ఒకటుంది: ఢిల్లీ దారి, హైదరాబాద్ దారి, బెజవాడ దారి కలిసేచోట బొగ్గూ నీళ్లూ మనుషులూ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఆ అవసరం చుట్టూ ఒక ఊరే పెరిగింది.

బొగ్గు ఇంజన్ల కాలంలో ఈ దారికి గొప్ప పేరే ఉండేది. సికింద్రాబాద్, విజయవాడల మధ్య నడిచిన గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు ఆవిరితో లాగే బండ్లలో దేశంలోనే వేగవంతమైనదని పేరు. ఇప్పటి గోల్కొండ ఎక్కేవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు, అది వేరే సంగతి. మన దేశంలో బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజన్లు తయారుచేసిన చిత్తరంజన్ కర్మాగారం 1970లో చివరిదాన్ని బయటికి పంపుతూ దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టింది. మొదటిది 1950లో వచ్చిన ‘దేశబంధు’. ఇరవై ఏళ్లలో పుట్టుకా ముగింపూ రెండూ అయిపోయాయి. 1995 డిసెంబర్ 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ బండితో బ్రాడ్ గేజ్ మీద ఆవిరి సర్వీసులు దేశం మొత్తంలో ఆగిపోయాయి.

అప్పుడు పోయినదాన్ని తలచుకుని ఇప్పుడు నిట్టూర్చేవాళ్లు చాలామంది. కళ్ల ముందే పోతున్న దాన్ని చూసేవాళ్లు తక్కువ. పోతున్నది డీజిల్.

కాజీపేట డీజిల్ లోకో షెడ్ అంటే రైలు మీద మక్కువ ఉన్నవాళ్లకు దేశమంతటా తెలుసు. ఇంజను పక్కన రాసిన కేజెడ్‌జె అన్న మూడక్షరాలు చూసి, ఎక్కడో ఉత్తరాదిన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కుర్రాడు కూడా ‘ఇది కాజీపేట బండి’ అని చెప్పగలిగేవాడు. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్‌తో 1962లో దిగుమతి మొదలై, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్లు ఈ దేశాన్ని నాలుగు దశాబ్దాల పాటు లాగాయి. 2,600 హార్స్‌పవర్, 17 మీటర్ల పైచిలుకు పొడవు, నూటపన్నెండు టన్నుల పైబడ్డ బరువు. ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కూడా అది ఊరుకోదు. ముసలాయన అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుంటున్నట్టు డుగ్గుడుగ్గుమంటూనే ఉంటుంది. కదలబోయే ముందు నల్లటి పొగ గుప్పున వదులుతుంది. పర్యావరణానికి అది మంచిది కాదు, ఎవరూ కాదనరు. బ్రాడ్ గేజ్ విద్యుదీకరణ దాదాపు పూర్తవడం దేశానికి లాభమే. అందుకే ఆ ఇంజన్లను నిలబెట్టమని అడగడం వృథా. వాటి ఫోటోలు సరిగా తీసిపెట్టమని అడగడం మాత్రం వృథా కాదు.

ఇంజన్లే కాదు. నీలిరంగు ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) బోగీల సంగతీ అంతే. మద్రాసు పెరంబూరులో 1955లో మొదలైన ఆ కర్మాగారం పాత నమూనా బోగీల తయారీని 2018 జనవరిలో ఆపేసింది. వాటి చోట జర్మన్ డిజైన్ ఎల్‌హెచ్‌బీ బోగీలు వచ్చాయి. కిటికీ ఊచలకు చెంప ఆనించి, కంట్లో నలక పడేదాకా బయటికి చూసిన ఆ బోగీలోనే మూడు తరాల తెలుగువాళ్లు ఉద్యోగాలకూ పెళ్లిళ్లకూ తిరుపతికీ పోయారు. దాని లోపల తలుపు గొళ్లెం ఎలా ఉండేదో, పై బెర్తు గొలుసు ఎక్కడ తగిలించి ఉండేదో చూపే మంచి ఫోటో ఒక్కటి చూపించండి! అందరూ చూసిందే కాబట్టి ఎవరూ తీయలేదు.

ఇక్కడే మోడల్ రైళ్లవాళ్లు అక్కరకు వస్తారు.

మోడల్ రైలంటే పిల్లల ఆట అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ ఆట మనకూ కొత్తది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను సానపట్టి, లక్క రంగులు అద్ది చేసే రైలు బొమ్మ ఎన్నో ఇళ్ల షోకేసుల్లో ఉంటుంది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బొమ్మకు కొలతలతో పనిలేదు. గుండ్రటి చక్రాలు, పొట్టి పొగగొట్టం, వెనకో రెండు డబ్బాలు. చూసిన పిల్లాడు ‘రైలు’ అంటే చాలు. మోడల్ కట్టేవాడి పట్టుదల దీనికి పూర్తిగా తలకిందులు. అతనికి రైలు కాదు, ఫలానా రైలు కావాలి. ఫలానా నంబరు ఇంజను, ఫలానా సంవత్సరంలో ఎలా ఉందో అలా.

ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ కొలత. అసలు బండి 87 అంగుళాలుంటే బొమ్మ ఒక అంగుళం. ఈ లెక్కన కాజీపేట డీజిల్ ఇంజను ఇరవై సెంటీమీటర్ల దగ్గరకొస్తుంది, మూరెడు కూడా ఉండదు. దానికి ఇరవై నాలుగు బోగీలు తగిలిస్తే బండి పొడవు ఆరు మీటర్లు దాటిపోతుంది. మామూలు ఇంట్లో గది గోడ పట్టదు. అందుకే మోడల్‌వాళ్లు ఆరేడు బోగీలతో సరిపెట్టుకుని, మిగతావి ‘మలుపు అవతల ఉన్నాయి’ అనుకుంటారు.

ఇంకో తమాషా చిక్కు ఉంది. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల్లో ఎక్కువగా ఉండేది 1,435. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు వాళ్ల లెక్కకు చేసినవి, ఎడం 16.5 మిల్లీమీటర్లు. మన లెక్కకు పందొమ్మిది పైన ఉండాలి. ఆ పట్టాల మీద మన ఇంజను నిలబెడితే కాళ్లు దగ్గరికి పెట్టుకుని బిక్కుబిక్కుమంటున్న మనిషిలా కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. పట్టుబట్టినవాళ్లు పట్టాలు సొంతంగా వేసుకుంటారు. కాచిగూడ నుంచి సికింద్రాబాద్ మీదుగా మన్మాడ్ పోయిన పాత మీటర్ గేజ్ లైనుకు మాత్రం ఈ బాధ లేదు. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర. పన్నెండు మిల్లీమీటర్ల పట్టాలు బయట దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం చేరిన చిన్న రైలు ఇంకా సులువు. దాని పట్టాల ఎడం 762 మిల్లీమీటర్లు, బొమ్మకు తొమ్మిది సరిపోతుంది. అసలు రైలు 2004లో ఆగిపోయి, తర్వాత ఆ దారంతా బ్రాడ్ గేజ్ అయింది. ఇవాళ దాన్ని చూడాలంటే బల్ల మీదే చూడాలి.

కానీ కట్టడానికి ఆధారం? ఫోటోలే.

ఎదురుగా తీసిన ఫోటో మోడల్ కట్టేవాడికి దాదాపు పనికిరాదు. అతనికి ఇంజను పక్కభాగం కావాలి, అదీ సరిగ్గా నడుమకు ఎదురుగా నిలబడి తీసినది. ఏ మూలకో జరిగి తీస్తే దగ్గరి చక్రం పెద్దదై, దూరపు చక్రం చిన్నదై కొలతలన్నీ తప్పుతాయి. పక్క నుంచి సూటిగా తీస్తే ఒక్క కొలత తెలిస్తే చాలు, మిగతావన్నీ లాక్కోవచ్చు. డబ్ల్యూడీఎం-2 కొత్త చక్రం అడ్డకొలత 1,092 మిల్లీమీటర్లు. ఫోటోలో ఆ చక్రం మీద స్కేలు పెట్టి, దాన్నిబట్టి తలుపు ఎత్తు, కిటికీ వెడల్పు, డీజిల్ ట్యాంకు పొడవు అన్నీ లెక్కకట్టొచ్చు. ఆ తర్వాత వెనకభాగం, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి కనిపించే పైకప్పు, చక్రాల దగ్గర గొట్టాలు, నంబరు పలక. చివరగా తేదీ, స్టేషన్. రంగు ఏ ఏడాది మారిందో, దీపం ఏ ఏడాది మార్చారో ఆ తేదీతోనే తేలుతుంది.

మనిషి కూడా ఫోటోలో ఉండాలని ఈ వ్యాసకర్త పట్టుబడతాడు. అందానికి కాదు. ఇంజను మెట్టు మీద కాలుపెట్టి నిలబడ్డ డ్రైవరు, చేతిలో జెండాతో గార్డు (2022 నుంచి ఆయన్ను ‘ట్రైన్ మేనేజర్’ అనాలట, క్వార్టర్లలో మాత్రం ఇంకా గార్డుగారే), సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచే కీమ్యాన్: వీళ్లుంటే ఇంజను ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది, ఆ పని ఎలా చేశారో కూడా తెలుస్తుంది. రైలు చరిత్రలో అన్నిటికన్నా తొందరగా మాయమయ్యేవి పనిముట్లూ పద్ధతులూ. సింగిల్ లైను మీద డ్రైవరుకు అందించే టోకెన్, చెయ్యి ఎత్తి దించే పాతకాలపు సిగ్నల్, బారుగా లీవర్లు నిలబడ్డ క్యాబిన్. ఇవి ఏ కొత్త స్టేషన్ ప్రారంభోత్సవంలోనూ కనిపించవు.

ఫోటో అంటే సాక్ష్యమే అన్నంత మాత్రాన అందం తగ్గాలని లేదు. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఫోటోగ్రాఫర్ 1955 నుంచి 1960 దాకా నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వెంట తిరిగాడు. ఆ దేశంలో ఆవిరితో నడిచిన చివరి పెద్ద రైల్వే అది. పగలు సూర్యుడు తన మాట వినడని, రాత్రిపూట డజన్లకొద్దీ ఫ్లాష్ బల్బులు తీగలతో కలిపి ఒక్కసారిగా వెలిగించి తీసేవాడు. బండి వెళ్లేది ఒక్కసారి, బల్బులు పేలేది ఒక్కసారి. ఒక్క తీగ ఊడినా ఆ రాత్రి పోయినట్టే. ఆయన తీసినవాటిలో ఇంజను ఒంటరిగా ఉన్నవి తక్కువ. వరండాలో కూర్చున్న కుటుంబం, వాగులో ఈదే పిల్లలు, పెట్రోలు బంకు దగ్గర జంట. వాళ్ల వెనక నుంచి రైలు పోతుంటుంది. ఇంజన్ల కన్నా ఊరి బతుకునే ఎక్కువ దాచిపెట్టాడాయన. ఇవాళ రోనోక్ పట్టణంలో పాత రైల్వేస్టేషన్‌లోనే ఆయన ఫోటోల మ్యూజియం ఉంది.

అంతటి లింక్ కూడా ఒకచోట అతుకు వేశాడు. 1956 ఆగస్టులో వెస్ట్ వర్జీనియాలో కార్లలో కూర్చుని చూసే సినిమా మైదానం దగ్గర తీసిన ఆయన ప్రసిద్ధ చిత్రంలో తెర మీద విమానం, వెనక ఆవిరి ఇంజను ఉంటాయి. ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ వెలిసిపోవడంతో విమానాన్ని విడిగా తీసి తర్వాత అతికించాడు. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి తప్పు పట్టలేం. ఇప్పటి బాధ వేరు. నిజాం కాలపు రైలంటూ కృత్రిమ మేధతో గీయించిన బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో ఇంజనుకు చక్రాలు లెక్కకు మించి ఉంటాయి, పొగగొట్టం ఒకచోట, పొగ ఇంకోచోట. చూసి మురిసేవాళ్లకు అభ్యంతరం లేకపోవచ్చు. రేపు నిజమైన పాత ఫోటో దొరికినా ఎవరూ నమ్మని పరిస్థితి వస్తుందే, అది అసలు నష్టం.

మోడల్ రైలును ఫోటో తీయడం ఇంకో విద్య. చేయి తిరిగినవాడికి కూడా మొదట్లో బొమ్మ బొమ్మలాగే వస్తుంది. కారణం సులువు: అందరూ నిలబడి, పైనుంచి కిందికి తీస్తారు. హెచ్‌ఓ లోకంలో ఐదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. అతని కన్ను బల్ల మీద నుంచి వేలెడు ఎత్తులో కూడా లేదు. కెమెరాను అక్కడికి దించితే బొమ్మ ఇంజను ఒక్కసారిగా మీదికొచ్చి నిలబడుతుంది. పెద్ద కెమెరా కన్నా ఫోను ఈ పనికి నయం. దాని కటకం చిన్నది, పట్టాల మధ్యకే దూరుతుంది. దగ్గరా దూరం రెండూ స్పష్టంగా రావడం కూడా తేలిక. పెద్ద కెమెరాతో అయితే దగ్గరి చక్రానికి ఒకటి, నడుముకు ఒకటి, చివరి బోగీకి ఒకటి ఇలా ఫోకస్ మార్చి నాలుగైదు తీసి కంప్యూటర్‌లో కలుపుకోవాలి. వెలుతురు ఒక్కటే దీపం నుంచి రావాలి, ఆకాశంలో సూర్యుడు ఒక్కడే కదా. రెండు ట్యూబ్‌లైట్ల కింద తీసిన బొమ్మ రైలుకు రెండు నీడలు పడితే అక్కడే గుట్టు బయటపడుతుంది.

పుణెలో జోషి గారి మినియేచర్ రైళ్ల మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. ఒక కుటుంబం పట్టుదలతో మొదలైంది, దేశం నలుమూలల నుంచీ పిల్లలు చూడ్డానికి వస్తారు. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియాటూర్ వండర్‌లాండ్ అయితే ఆ నగరానికే పెద్ద ఆకర్షణ. మన దగ్గర కాచిగూడ స్టేషన్‌లో రైల్వే మ్యూజియం ఉంది. 1916లో కట్టిన ఆ గుమ్మటాల భవనమే ఒక మ్యూజియం వస్తువు. మరి మూడు దారులు కలిసే కాజీపేటకు?

ఊరి జ్ఞాపకాన్ని నిలబెట్టడమంటే మనవాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటే: పాత ఇంజను తెచ్చి దిమ్మె మీద నిలబెట్టి, ఏటా నిగనిగలాడే రంగు వేయడం. చుట్టూ పూలకుండీలు, ముందు సెల్ఫీ పాయింటు. అదీ కావలసిందే. ఎనిమిదేళ్ల పిల్లకు అంత ఇనుమును చేత్తో తాకే అవకాశం ఇంకెక్కడా రాదు. కానీ దిమ్మె మీది ఇంజను ఒంటరిది. దానికి బొగ్గు వేసిన ఫైర్‌మన్ లేడు, నీళ్లు పట్టిన గొట్టం లేదు, అది తిరిగిన యార్డు లేదు. పైగా ఆ రంగుల కింద అసలు రంగు ఏదో తెలియకుండా పోతుంది.

భవనాలదీ ఇదే కథ. 2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ స్టేషన్ ముందరి కమానుల భవనాన్ని కొత్త స్టేషన్ కోసం కూల్చేశారు. దాని ఎదుటిభాగం ఫోటోలు లక్షల్లో ఉంటాయి, సినిమాల్లో కూడా దొరుకుతుంది. లోపలి మెట్లు, టికెట్ కిటికీల చెక్కపని, పైఅంతస్తు కిటికీలోంచి ప్లాట్‌ఫారం ఎలా కనిపించేదో వెతకండి. ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టడానికి వేళ్లు సరిపోతాయేమో. అదే ఏడాది మే 22న కొత్త ముస్తాబుతో ప్రారంభమైన 103 స్టేషన్లలో వరంగల్ కూడా ఉంది. కాకతీయ శైలిలో తీర్చిన ముఖద్వారం బాగుంది. దాని కింద ఇంతకుముందున్న స్టేషన్ ఎలా ఉండేదో అంగుళం అంగుళం తీసిపెట్టి ఆ తర్వాత గునపం వేస్తే ఎంతో బాగుండేది. గోదావరి మీద రాజమండ్రి దగ్గర 1897లో తెరిచిన హేవలాక్ వంతెన అదృష్టం వేరు. 56 ఖానాల ఆ పాత వంతెన 1997లో రైళ్లకు సెలవిచ్చినా ఇంకా నదిలోనే నిలబడి ఉంది, కావలసినవాళ్లు వెళ్లి కావలసినన్ని ఫోటోలు తీసుకోవచ్చు. లోకో షెడ్లకూ సిగ్నల్ క్యాబిన్లకూ అంత ఓపిక ఉండదు.

కాజీపేటలో చేయదగిన పని ఒకటుంది, పెద్ద ఖర్చుదీ కాదు. రైల్వే కాలనీల్లో, ధర్మసాగర్, మడికొండ, హసన్‌పర్తి లాంటి చుట్టుపక్కల ఊళ్లలో పాత పెట్టెల అడుగున పడి ఉన్న ఫోటోలను ఓ చోటికి రప్పించి, అక్కడికక్కడే కాపీ చేసి, అసలువి వెంటనే ఇంటికి పంపేయడం. ఇంజను లేని ఫోటో అని తోసెయ్యకూడదు. క్వార్టర్ ముందు పిల్లల వెనకాల నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది, సత్కార సభ ఫోటోలో గోడ మీద ఇంజనుబొమ్మ కనిపిస్తుంది, పెళ్లి ఊరేగింపు వెనక లెవెల్ క్రాసింగ్ గేటు కనిపిస్తుంది. ఆ ముక్కలన్నీ కలిస్తే ఒక యార్డు. ఫోటో తెచ్చిన పెద్దాయన్ని కూర్చోబెట్టి ‘ఇది ఏ లైను, ఇది ఎవరి క్యాబిన్’ అని అడిగి రాసుకోవడం ఇంకా ముఖ్యం. కాగితం మరో యాభై ఏళ్లుంటుంది, ఆయన ఉండడు. ఇదే పని ఖరగ్‌పూర్‌లో కూడా జరగాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల ఇళ్లలో మన రైల్వే చరిత్ర సగం ఉంటుంది.

తర్వాత మోడల్. 1970ల నాటి కాజీపేట యార్డును బల్ల మీదికి తేవచ్చు. ఆరువందల మీటర్ల ప్లాట్‌ఫారం హెచ్‌ఓ కొలతలో ఏడు మీటర్లు, ఇంకా చిన్నదైన ఎన్ కొలతలో నాలుగు మీటర్లు కూడా కాదు. ఒక పెద్ద తరగతి గది చాలు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, కాజీపేట నుంచి హనుమకొండ పోయే దారిలోనే ఉంది. త్రీడీ ప్రింటర్లున్న చోట ఇంజను ఒళ్లు అచ్చువేయడం కష్టమేమీ కాదు. కష్టం కొలతలు తేల్చడంలో, పాత ఫోటో ముందు కూర్చుని చక్రం మీద స్కేలు పెట్టడంలో. ఆ పని చేసిన విద్యార్థికి జంక్షన్ ఎలా పనిచేస్తుందో ఏ పాఠం చెప్పనంత తెలుస్తుంది.

ఇక్కడ ఎవరైనా నిలదీయొచ్చు. దశాబ్దాలుగా ఈ ప్రాంతం అడిగింది కోచ్ ఫ్యాక్టరీ, ఉద్యోగాలు. మీరు బొమ్మల గురించి మాట్లాడుతున్నారేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. కాజీపేటలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరగడానికి ముందు ఎన్ని ధర్నాలు, ఎన్ని వినతిపత్రాలు, ఎన్ని ఎన్నికల హామీలు! ఆ ధర్నాల ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి? పట్టాల పక్కన జెండాలు పట్టుకుని కూర్చున్నవాళ్ల వెనక ఆగి ఉన్న బండి ఏది? అవి కూడా ఇదే పెట్టెలోకి రావాలి. ఫ్యాక్టరీలో తయారైన మొదటి వ్యాగన్‌ను రిబ్బన్లతో కాకుండా, రిబ్బన్లు తీసేశాక, పక్క నుంచి ఒక్కటి తీసిపెట్టే మనిషి కూడా అక్కడ ఉండాలి.

రైల్వే అధికారులూ కొంచెం మనసు మార్చుకోవాలి. కెమెరా పట్టుకున్న ప్రతివాణ్నీ అనుమానంగా చూసే పాత అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఏడాదికి ఒక్కరోజు, సిబ్బందిని తోడిచ్చి, షెడ్డు గేటు తెరిస్తే పోయేదేమీ లేదు. ప్లాట్‌ఫారం చివర పసుపు గీతకు ఇవతల నిలబడి బండి నంబరు రాసుకునే కుర్రాణ్ని తరిమేయడం వల్ల భద్రత పెరగదు, వాడు పోయి కంచె దూకి కట్ట మీద నిలబడతాడు.

అక్కడ నిలబడకూడదు. ఈ విషయంలో వాదనకు తావు లేదు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి దిగితే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క చూడండి: గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. వంద మీటర్ల దూరంలో ఉందనుకుని ఫోను సర్దుకునేలోపు మీద ఉంటుంది. ఎలక్ట్రిక్ బండి బొగ్గు ఇంజనులా దూరం నుంచి చెప్పి రాదు. తల మీది తీగలో 25,000 వోల్టులు. దాన్ని ముట్టుకోవాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోతే చాలు లాగేస్తుంది. ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కి సెల్ఫీ కర్ర పైకెత్తినవాళ్లు ఆ ఫోటో చూసుకోలేదు. ఎదురుగా తీసే మోజును ఈ వ్యాసకర్త మొదటి నుంచీ తిడుతున్నది ఇందుకు కూడా. పక్క నుంచి తీసేవాడు ఎలాగూ దూరంగానే నిలబడాలి. దగ్గరుంటే ఇంజను ఫ్రేములో పట్టదు.

కాజీపేట–సికింద్రాబాద్ లైను ఇంచుమించు తూర్పు నుంచి పడమరకు పోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే వాలి ఉంటాడు. డిసెంబర్, జనవరి నెలల్లో కట్టకు దక్షిణాన, కంచెకు ఇవతల ఏ పొలంగట్టు మీదో నిలబడితే పొద్దున ఎనిమిదింటికి ఎండ ఏటవాలుగా వచ్చి బండి పక్కంతా పరుచుకుంటుంది. చక్రాల మధ్య నీడల్లో దాక్కున్న గొట్టాలు, స్ప్రింగులు కూడా కనిపిస్తాయి, నంబరు చదవగలిగేంత స్పష్టంగా ఉంటుంది. మధ్యాహ్నం అయితే కప్పు నీడ కిందికి దిగి సగం నల్లబడుతుంది. ఫోటో పేరులో తేదీ, స్టేషన్, ఇంజను నంబరు ఆరోజు సాయంత్రమే రాసేయాలి. రేపు రాద్దామనుకుంటే ఆ నంబరు గుర్తుండదు.